జంపర్

కషొయీరాలో వాన మూడో రోజు.
నది అవతల సావ్ ఫెలిక్స్ కనబడటం మానేసింది.
చర్చి వెనక గదిలో కంప్యూటర్ కూడా
కొత్త డిస్కు కనబడటం లేదంటోంది.

"నిన్ననే కొన్నాను వాల్దెలీసే, ఇదిగో బిల్లు"
అంటుంది దోనా ఎవులీనా,
బిల్లు చూపిస్తే యంత్రం నమ్ముతుందన్నట్టు.

మూత విప్పాను.
పదకొండేళ్ల దుమ్ము, ఒక బల్లిగుడ్డు పెంకు,
జడ రిబ్బన్ లాంటి బూడిదరంగు కేబుల్.
నా అసలు పని కుట్టుమిషన్లు;
కంప్యూటర్లు తర్వాత వచ్చి చేరిన చుట్టాలు.
దేన్నైనా ముందు చెవితోనే చూస్తాను.
పాత డిస్కు గొణుగుతోంది.
కొత్తది, వేలు ఆనిస్తే, సన్నగా వణుకుతోంది.
అంటే ప్రాణం ఉంది. పిలిస్తే పలకడం లేదు, అంతే.

కరెంటు తీగ మార్చాను. కేబుల్ కొనలు మార్చాను.
ఈసారి పాత డిస్కు కూడా మాయమైంది.
నల్ల తెర మీద మిగిలింది తేదీ ఒక్కటే:
జనవరి ఒకటి, రెండువేల రెండు.
లోపలి బ్యాటరీ చచ్చి చాలా కాలమైంది,
స్విచ్చి వేసినప్పుడల్లా దానికి అదే కొత్త సంవత్సరం.
అసలు తేదీలు ఎవులీనా
నోటు పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుంటుంది.

అప్పుడు టార్చి వేసి డిస్కుల వెనక చూశాను.
దువ్వెన పళ్లలా సూదులు, రెంటిని కలుపుతూ
నువ్వుగింజకి కాస్త పెద్ద ప్లాస్టిక్ ముక్క.
రెండు డిస్కుల్లోనూ అది యజమాని గుర్తు మీదే ఉంది.
ఒకే ఒరలో రెండు కత్తులు.

"ఒకటి యజమాని, ఇంకోటి బానిస.
కొత్తదాన్ని బానిసగా పెడితే సరిపోతుంది"
అన్నాను, స్క్రూలు పళ్ల మధ్య పట్టుకుని.

జవాబు రాలేదు.
తల తిప్పితే ఆమె ఒళ్లో ఆ రోజు స్కాన్ చెయ్యాల్సిన పుస్తకం:
బాప్తిస్మాల చిట్టా, పద్దెనిమిది వందల నలభై మూడు.
పురుగు తొలిచిన కాగితం, ఎండిన పొగాకు రంగు.
ఒక వరస మీద వేలు పెట్టింది.

"రుఫీనా. ఏడు నెలలు.
ఫలానా ఆయన సొత్తు.
ఇంటిపేరు లేదు చూడు.
పేజీకి పదహారు మంది. నాలుగేళ్లుగా ఎక్కిస్తున్నాను.
వీళ్లందర్నీ తీసుకెళ్లి
మళ్లీ ఆ గుర్తు కిందే పెడతావా?"

"అది వట్టి మాటమ్మా. సూదులకి తెలీదు."
"సూదులకి చదువు రాదు. నాకొచ్చు."

కోపంగా అనలేదు. కాఫీ పోస్తూ అంది.
నాకు సిగ్గేసిందో చిరాకేసిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.
ఇరవై ఏళ్లుగా ఆ మాట
నా నోట్లో స్క్రూలతో పాటే తిరుగుతోంది.
మా అమ్మమ్మకి అమ్మమ్మ కూడా
ఆ అలమరలో ఏదో ఓ పేజీలో ఉండే ఉంటుంది.
వెతకమని ఎప్పుడూ అడగలేదు.

కళ్లద్దాలు పెట్టుకుని డిస్కు మీది చీటీ మళ్లీ చదివాను.
మూలన, చిన్నగా, ఇంకో బొమ్మ ఉంది:
ఒంటరిగా ఉంటే జంపర్ అక్కర్లేదు.

సీడీ డ్రైవు నోరు తెరిచి ఎన్నేళ్లయిందో,
దాన్ని పీకేసి దాని కేబుల్ కొత్తదానికిచ్చాను.
పట్టకారుతో జంపర్ లాగితే
ఎగిరి ఎటో పోయింది.
స్విచ్చి.

తెర చాలాసేపు ఆలోచించింది.
రెండో వరసలో పేరు వచ్చింది.

నూట అరవై కొంటే నూట ముప్పై ఏడే చూపిస్తోంది.
పాత యంత్రం, అంతకు మించి లెక్కపెట్టడం రాదు.
"మిగతా ఇరవై మూడూ?"
"ఉన్నాయి. లెక్కలోకి రావు."
ఆమె నావైపు ఓసారి చూసి, నోటు పుస్తకం తెరిచి
ఆ అంకె కూడా పెన్సిల్‌తో రాసుకుంది.

జంపర్ కోసం మోకాళ్ల మీద అరగంట వెతికాను.
"ఎవరిక్కావాలి అది," అంది,
రుఫీనాని గాజు మీద బోర్లా పడుకోబెడుతూ.
స్కానర్ వెలుగు గోడ మీద మెల్లగా జరిగింది.

"కావాలని కాదు," అన్నాను.
"చెప్పులు విప్పి తిరుగుతారు మీరు.
గుచ్చుకుంటుంది."